కొత్త ట్రేడ్ అడగమంటున్నారు, ఏ లెక్క చూసి అడగాలి?

వర్క్‌షాప్_మేడం (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్, అంటే ఆ కోర్సు, చెబుతాను. వచ్చే ఏడాదికి కొత్త ట్రేడ్ ఏం కావాలో రాసి పంపమన్నారు. ఈ నెలాఖరే గడువు. స్టాఫ్ మీటింగ్‌లో అరగంట కూర్చున్నాం. ఒకరు డ్రోన్ అన్నారు, ఇంకొకరు ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ అన్నారు. ఎందుకు సార్ అని అడిగితే "ఇప్పుడు అదే కదా మేడం నడుస్తోంది" అన్నారు. టీ వచ్చింది, మీటింగ్ అయిపోయింది.

నా భయానికి కారణం ఉంది. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇలాగే ఓ మాట మీద ఒక ట్రేడ్ పెట్టారు. మెషిన్లు లారీలో దిగాయి. చెప్పే మనిషిని మాత్రం వేయలేదు. నేను బదిలీ అయి వచ్చేనాటికి కూడా వాటి మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి.

మా ప్రాంతం సంగతి చాలామందికి తెలుసు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటుకు 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు రావడం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యం. చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అయినా మా పిల్లల్లో చాలామంది పాస్ కాగానే బెంగళూరు బస్సెక్కుతారు, ఇక్కడి షెడ్లలోకి తమిళనాడు, ఒడిశా, బిహార్ నుంచి మనుషులు వస్తారు. ఎక్కడో లెక్క తప్పుతోంది. మా ఐటీఐకి 50 కిలోమీటర్ల లోపల ఏ పనికి ఎందరు కావాలి, ఎంత జీతం ఇస్తున్నారు? ఇది ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

చిటపట (సోమవారం, రాత్రి 9:52)

ఎక్కడా దొరకదు. డ్రోన్ అని రాసి పంపేయండి, పైవాళ్ళూ సంతోషిస్తారు.

లెక్కల_రామం (సోమవారం, రాత్రి 10:30)

మేడం, కొన్నేళ్ళు కేంద్ర ప్రభుత్వ సర్వేల్లో ఇంటింటికీ తిరిగినవాణ్ణి. ఏది దొరుకుతుందో, ఏది దొరకదో చెబుతాను.

నిరుద్యోగం ఇంత శాతం అని పేపర్లో వచ్చే అంకె పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే సర్వేది. 2017లో మొదలైంది. 2025 జనవరి నుంచి దాన్ని బాగా మార్చారు. అంతకుముందు దేశం మొత్తం మీద 12,800 చోట్ల సుమారు లక్ష ఇళ్ళు చూసేవాళ్ళు. ఇప్పుడు 22,692 చోట్ల, చోటుకి 12 ఇళ్ళ చొప్పున 2,72,304 ఇళ్ళు. శాంపిల్ తీసేటప్పుడు చాలావరకు జిల్లాని ఒక యూనిట్‌గా పెట్టుకుంటున్నారు. మంచి మార్పే.

కానీ మీ ప్రశ్నకు ఇది సరిపోదు. ఆ ఇళ్ళని దేశంలోని జిల్లాలకు పంచి చూడండి, సగటున జిల్లాకి 350 ఇళ్ళు వస్తాయి. అందులో ఫిట్టర్లు ఎందరు తగులుతారు? నలుగురో ఐదుగురో. వాళ్ళని చూసి ట్రేడ్ తేల్చలేం. ఇంకో చిక్కు ఉంది. వృత్తులకు మేం వేసే కోడ్ మూడంకెలది. 741 అంటే కరెంటు సామాను బిగించేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు. ఇంటికి వైరింగ్ చేసే కుర్రాడూ, కార్ల ప్లాంటులో ప్యానెల్ తెరిచి ఫాల్ట్ పట్టే మనిషీ ఇద్దరూ 741లోకే పోతారు. మీకు కావాల్సిన తేడా సరిగ్గా అక్కడే మాయమైపోతుంది.

"పని ఉంది" అంటే ఏమిటో కూడా తెలిసుండాలి. వారం లెక్కలో, గడచిన 7 రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పనిచేసినా పని ఉన్నట్టే. వేరుశనగ కాయలు ఒలవడానికి ఒక పూట వెళ్ళిన డిగ్రీ పిల్ల కూడా ఆ వారం ఉద్యోగస్తురాలే. ఇది మోసం కాదు, ప్రపంచమంతా దాదాపు అలాగే లెక్కిస్తారు. అంకె చదివేవాడికి తెలియకపోతేనే చిక్కు.

హెచ్చార్_హిందూపురం (మంగళవారం, ఉదయం 7:15)

షిఫ్ట్ మారే టైంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నేను ఒక విడిభాగాల యూనిట్‌లో హెచ్‌ఆర్ చూస్తాను.

రామం గారు సర్వే గురించి చెప్పారు, నేను పీఎఫ్ లెక్క గురించి చెబుతాను. 2018 నుంచి ప్రతి నెలా కొత్తగా పీఎఫ్‌లో చేరినవాళ్ళ సంఖ్య బయటపెడుతున్నారు. అది చూసి మన రాష్ట్రంలో ఇన్ని ఉద్యోగాలు అనుకుంటారు. కానీ కంపెనీ తన పీఎఫ్ రిటర్న్ ఎక్కడ ఫైల్ చేస్తే మనిషి అక్కడ లెక్కకొస్తాడు. హెడ్డాఫీసు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటే, పెనుకొండలో నట్లు బిగించే కుర్రాడు అక్కడి ఖాతాలో ఉంటాడు.

అసలు తమాషా ఇంకోటి ఉంది. మా షెడ్‌లో చాలామంది మా రోల్ మీద ఉండరు, లేబర్ కాంట్రాక్టర్ రోల్ మీద ఉంటారు. పీఎఫ్ లెక్కల్లో మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీలు "ఎక్స్‌పర్ట్ సర్వీసెస్" అనే పద్దు కింద ఉంటాయి. బంపర్ మోసే కుర్రాడు కాగితం మీద ఎక్స్‌పర్ట్ అన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నేను ఫ్లోర్ మీదకెళ్ళి వాళ్ళకి చెప్పి నవ్వించాను.

ఇది మా ఒక్కరి సంగతి కాదు. ఫ్యాక్టరీల వార్షిక సర్వే ఏఎస్‌ఐ చూడండి, ఈ మధ్య సంవత్సరాల్లో దేశం మొత్తం మీద ఫ్యాక్టరీ కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్ళే. ఫలానా పనికి ఎంతమంది కావాలి, ఎంతకి వస్తారు అన్న లెక్క ఈ ప్రాంతంలో నిజంగా ఎవరి దగ్గరైనా ఉందంటే ఆ కాంట్రాక్టర్ల ఫోన్లలోనే ఉంది. వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్ని మించిన డేటాబేస్ నేను చూడలేదు.

వర్క్‌షాప్_మేడం (మంగళవారం, ఉదయం 8:05)

సార్, ఎక్స్‌పర్ట్ మాట చదివి మా స్టాఫ్ రూమంతా నవ్వింది. మీకు నిజంగా దొరకని మనుషులు ఎవరు? అది చెప్పండి.

హెచ్చార్_హిందూపురం (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

హెల్పర్లు దొరుకుతారు. ఆపరేటర్లని మేమే రెండు వారాల్లో తయారుచేసుకుంటాం, వాళ్ళకి ట్రేడ్ కూడా అక్కర్లేదు. దొరకనిది మెయింటెనెన్స్ వాళ్ళు. రాత్రి 2 గంటలకు లైన్ ఆగిపోతే ప్యానెల్ తెరిచి, సెన్సరా, రిలేనా, వైరు తెగిందా అని పావుగంటలో చెప్పేవాడు కావాలి. మీ ట్రేడ్ వాళ్ళే మేడం. సిలబస్‌లో పీఎల్‌సీ, అంటే మెషిన్లని నడిపించే చిన్న కంప్యూటర్, ఉంది, పిల్లలు పుస్తకంలో చూసి వస్తారు, చేత్తో ముట్టుకోకుండా వస్తారు. తర్వాత ఏసీ, చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే పెద్ద మెషిన్) చూసేవాళ్ళు. పెయింట్ షాప్, కంట్రోల్ రూమ్ అన్నీ చల్లగా ఉండాలి, ఆ మనిషి కోసం బెంగళూరుకి ఫోన్ చేస్తాం.

డ్రోన్ వాళ్ళని ఈ ఆరేళ్ళలో నేను ఒక్కసారి పిలిచాను. కంపెనీ వార్షికోత్సవం వీడియోకి.

చిటపట (మంగళవారం, మధ్యాహ్నం 1:48)

కంపెనీ వాళ్ళు బాగానే చెబుతారు. స్థానికులకు 75 శాతం అని 2019లో చట్టం చేశారు కదా, ఏం చేశారు? మా ఊరి వాళ్ళ భూములు పోయాయి, ఉద్యోగం అడిగితే "స్కిల్ లేదు" అన్నారు. స్కిల్ లేదు అన్నది మీరు ఉద్యోగం ఇవ్వకుండా ఎగ్గొట్టే మాట. అసలు జీతం పెంచితే స్కిల్ దానంతట అదే వస్తుంది.

హెచ్చార్_హిందూపురం (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

బ్రదర్, కోపం అర్థమైంది. జీతం విషయంలో మీ మాటలో నిజం ఉంది, అది నేను మా మీటింగ్‌లో చెప్పలేను, ఇక్కడ చెబుతున్నాను. కాంట్రాక్టర్ మీద ఏళ్ళకేళ్ళు ఉంచితే బాగా నేర్చినవాడు ఎందుకుంటాడు, బెంగళూరు పోతాడు.

చట్టం సంగతి వేరు. అందులోనే ఒక మాట ఉంది, తగిన స్థానికులు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళలో వాళ్ళకి శిక్షణ ఇవ్వాలని. దేంట్లో ఇవ్వాలి, ఎందరికి ఇవ్వాలి? ఆ లెక్క ఎవరూ కట్టలేదు. శాతం దగ్గరే అందరం ఆగిపోయాం. హరియాణాలో ఇలాంటి చట్టాన్నే 2023లో హైకోర్టు కొట్టేసింది కూడా.

సీత_అచ్యుతాపురం (మంగళవారం, రాత్రి 10:15)

నేను అచ్యుతాపురం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి, లైన్ సూపర్‌వైజర్ దాకా వెళ్ళి మానేశాను. అందరూ ట్రేడ్ గురించే మాట్లాడుతున్నారు, బస్సు గురించి ఎవరూ అనలేదు.

మా లైన్‌లో దాదాపు అందరం ఆడవాళ్ళమే. తెల్లవారుజామున మా ఊరి సెంటర్‌కి కంపెనీ బస్సు వచ్చేది. ఒక ఏడాది రూటు మార్చారు, మా ఊరు తీసేశారు. మెయిన్ రోడ్డు దాకా చీకట్లో రెండు కిలోమీటర్లు నడవాలి. నెల తిరిగేసరికి మా ఊరి పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. వాళ్ళకి పని రాక కాదు, గంటకి ఎన్ని పీసులు కుట్టేవాళ్ళో నాకు తెలుసు. తర్వాత ఎవరో సర్వేకి వచ్చి ఏం చేస్తున్నావమ్మా అంటే ఇంట్లోనే ఉంటున్నాం అన్నారు. మరి వాళ్ళని ఏమని రాసుకున్నారో రామం గారే చెప్పాలి.

లెక్కల_రామం (మంగళవారం, రాత్రి 10:50)

92 అని రాస్తామమ్మా. "ఇంటి పనులు మాత్రమే" అన్న కోడ్. పశువులకు గడ్డి, కట్టెలు తెచ్చుకోవడం లాంటివి కూడా చేస్తే 93. ఈ రెండు కోడ్లలో ఉన్నవాళ్ళు నిరుద్యోగులు కూడా కారు, పని కోసం వెతకనివాళ్ళ కింద పక్కకి పోతారు. బస్సు ఆగిపోయిన ఊళ్ళో నిరుద్యోగం పెరిగినట్టు కనపడదు. నేనే ఎన్ని 92లు వేశానో. నేనెళ్ళిన రోజుల్లో బస్సు గురించి అడిగే గడి లేదు.

జగిత్యాల_వాపస్ (బుధవారం, ఉదయం 6:30)

నమస్తే. మాది జగిత్యాల దిక్కు. పదకొండేండ్లు దుబాయ్‌ల, తర్వాత ఖతర్‌ల ఏసీ డక్టింగ్, చిల్లర్ల పని చేసి వచ్చిన. హెచ్‌ఆర్ సార్ చిల్లర్ మనిషి దొరకడు అన్నది చదివి రాస్తున్న.

మా జిల్లాల నుంచి గల్ఫ్‌కి ఎంతమంది పోయిండ్రో ఎవరూ సరిగ్గ చెప్పలేరు. ఎందుకంటే పది పాస్ కానోళ్ళ పాస్‌పోర్టుకే 18 దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే దేశం దాటనీకి సర్కారు అనుమతి, కావాలె. ఆ లెక్కే సర్కారు దగ్గర ఉంటది. పది పాసైనోనికి అది అక్కర్లేదు. అంటే మీ ఐటీఐ పిల్లగాండ్లు పోతే ఆ లెక్కల రారు. విజిట్ వీసా మీద పోయినోళ్ళు అసలే రారు.

పోయినప్పుడు లెక్క లేదు, వచ్చినంక కూడా లేదు. నా చేతిలో పని ఉంది, కాగితం లేదు. ఇక్కడ షాపుకు పోతే "సర్టిఫికెట్ ఏది" అంటరు. వచ్చిన పనిని పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం స్కీముల ఉందని తర్వాత తెలిసింది, ఆర్‌పీఎల్ అంటరట. ఊళ్ళల్ల ఎవరూ చెప్పలే. మేడమ్, ఏసీ ట్రేడ్ పెడితే ఏడికి పోయినా తిండి దొరుకుతది. అది నేను గ్యారంటీగ చెప్త.

ఓహియో_బాబాయ్ (బుధవారం, ఉదయం 7:10)

ఇక్కడ అమెరికాలో ఎలా ఉందో కొంచెం చెబుతాను, గొప్పలకి కాదు. ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి నిరుద్యోగ బీమా కోసం మనుషుల సంఖ్య, జీతాల మొత్తం రాష్ట్రానికి పంపాలి. ఆ కాగితాల నుంచే కౌంటీ (మన జిల్లా లాంటిది) వారీగా, పరిశ్రమ వారీగా ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతం అని అచ్చువేస్తారు. దేశంలో 95 శాతానికి పైగా ఉద్యోగాలు అందులోకి వస్తాయి. సర్వే కాదు, దాదాపు పూర్తి లెక్క. ఆ లెక్క ముందు పెట్టుకుని ఏ శిక్షణ కావాలో చూసే లోకల్ వర్క్‌ఫోర్స్ బోర్డులు ఉన్నాయి. 2014 చట్టం ప్రకారం ఆ బోర్డులో సగం కంటే ఎక్కువమంది వ్యాపారస్తులే ఉండాలి.

అయినా దెబ్బ తినొచ్చు. 2022లో మా కొలంబస్ పక్కన లికింగ్ కౌంటీలో ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీ అన్నారు, 2025కి తెరుస్తామన్నారు. కమ్యూనిటీ కాలేజీలు సెమీకండక్టర్ టెక్నీషియన్ కోర్సులు మొదలుపెట్టాయి. ఇప్పుడు ఫ్యాక్టరీ 2030 దాటేదాకా రాదంటున్నారు. నిన్నటిదాకా ఏముందో లెక్క చెబుతుంది, రేపు కంపెనీ మనసు మార్చుకుంటుందా అన్నది చెప్పదు.

లెక్కల_రామం (బుధవారం, ఉదయం 9:00)

బాబాయ్ గారు, మన దగ్గరా అలాంటి కాగితం ఉండేది. ఖాళీల్ని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలపాలని 1959లోనే చట్టం. 25 మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థలు మూడు నెలలకోసారి ఎందరున్నారు, ఎన్ని ఖాళీలు, ఏ పనికి మనిషి దొరకడం లేదు అని రిటర్న్ ఇవ్వాల్సి ఉండేది. చివరి గడి చూశారా? మేడం ప్రశ్నే అది! ఇప్పుడు ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది, ఎక్స్ఛేంజీకి కెరీర్ సెంటర్ అని పేరు పెట్టారు.

మన రాష్ట్రంలో ఐటీఐలూ ఎక్స్ఛేంజీలూ రెండూ ఒకే శాఖ కింద ఉన్నాయి. ఉపాధి, శిక్షణ శాఖ. పేరులోనే రెండూ పక్కపక్కన ఉన్నాయి మేడం, జిల్లా ఉపాధి అధికారి ఆఫీసుకి ఎప్పుడైనా వెళ్ళారా?

వర్క్‌షాప్_మేడం (బుధవారం, రాత్రి 9:20)

వెళ్ళలేదు సార్. సర్వీసులో ఇన్నేళ్ళు ఉండి వెళ్ళలేదు. సిగ్గుగానే ఉంది.

అమరావతి_అల్లుడు (బుధవారం, రాత్రి 9:45)

నైపుణ్య గణన గురించి ఎవరూ అనలేదేంటి? 2024 జూన్‌లో ముఖ్యమంత్రి పెట్టిన మొదటి ఐదు సంతకాల్లో అదొకటి. మంగళగిరి నియోజకవర్గం, తుళ్ళూరు మండలంలో పైలట్‌గా చేశారు. మా ఇంటికి కూడా వచ్చారు. అది రాష్ట్రమంతా అయితే మేడం గారికి సమాధానం దొరికినట్టే కదా.

హెచ్చార్_హిందూపురం (గురువారం, ఉదయం 7:05)

సగం దొరుకుతుంది. ఎవరి దగ్గర ఏ పని ఉందో తెలుస్తుంది. ఏ పనికి ఎక్కడ మనిషి కావాలో మా వైపు నుంచి కూడా ఎవరైనా వచ్చి అడగాలి. పెళ్ళికొడుకుల లిస్టు ఒక్కటే పట్టుకుని సంబంధాలు కుదర్చలేం.

లెక్కల_రామం (గురువారం, ఉదయం 10:10)

ఒక చిన్న హెచ్చరిక కూడా. పాత లెక్కలతో పోల్చేటప్పుడు జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా ఉన్న అంకెలన్నీ ఉమ్మడి అనంతపురానివి. ధర్మవరం మగ్గాలూ, రాయదుర్గం జీన్స్ కుట్టేవాళ్ళూ ఒకే గంపలో ఉన్నారు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తర్వాత 33. ఇక జనాభా లెక్కలు 2011వే.

అయినా కార్మికుడికి జిల్లా గీతతో పనేముంది? హిందూపురం వాడికి ధర్మవరం కంటే గౌరీబిదనూరు దగ్గర, గీతేమో మధ్యలో రాష్ట్రమే మార్చేస్తుంది. మీరు 50 కిలోమీటర్లు అన్నారు చూడండి, అది సరైన ప్రశ్న. ఏ ఆఫీసూ అలా లెక్క కట్టదు.

మోడరేటర్ (గురువారం, ఉదయం 11:00)

భూసేకరణ మీద వచ్చిన నాలుగు పోస్టుల్ని వేరే చర్చకి మార్చాను. చిటపట గారూ, మీ పోస్టు కూడా అక్కడే ఉంది, తొలగించలేదు.

వర్క్‌షాప్_మేడం (ఆదివారం, రాత్రి 8:30)

మూడు రోజులు రాయలేదు, తిరుగుతున్నాను.

మొదట మా పాత బ్యాచ్‌ల రిజిస్టర్ తీశాను. ఫోన్లు చేస్తే చాలా నంబర్లు పనిచేయడం లేదు. ప్లేస్‌మెంట్ అని మేం రాసుకున్నది పిల్లవాడు చేరిన రోజు సంగతి. ఆరు నెలల తర్వాత ఎక్కడున్నాడో మా దగ్గర ఒక్క ముక్క లేదు. దొరికినవాళ్ళలో ఎలక్ట్రీషియన్ చదివి హెల్పర్‌గా ఉన్నవాళ్ళే ఎక్కువ. ఒకడు దొడ్డబళ్ళాపురంలో ఉన్నాడు. "మేడం, ఇక్కడ ఇంకో వెయ్యి ఇస్తే వచ్చేస్తాను, అమ్మ ఒక్కతే ఉంది" అన్నాడు.

తర్వాత ఉపాధి అధికారి ఆఫీసు. ఆయన మంచివాడే, స్టాఫ్ తక్కువ. కంపెనీల రిటర్నులు అడిగితే ఫైలు చూపించారు. పంపినవాళ్ళు పంపారు, పంపనివాళ్ళని అడిగే మనిషి లేడు. "ఐటీఐ నుంచి ఒకరు వచ్చి ఇది అడగడం నాకిదే మొదలు" అన్నారు.

శనివారం సాయంత్రం షిఫ్ట్ వదిలే టైంలో ఒక గేటు బయట టీ బంకు దగ్గర నిలబడ్డాను. సీత గారు అన్నది అక్షరాలా నిజం. మా వైపు పల్లెలకి రాత్రి వదిలే బి షిఫ్ట్ అయ్యాక బస్సు లేదు. బండి లేనివాడికి రూము అద్దె పోగా మిగిలేది ఏమీ లేదు. ఇది ట్రేడ్ మార్చితే తీరే సమస్య కాదు. అది వేరేగా, డిపో మేనేజర్‌కి అర్జీ రాశాను.

ట్రేడ్ విషయంలో ఏసీ, రిఫ్రిజిరేషన్ రాద్దామనుకుంటున్నాను. డ్రోన్ సార్‌కి కోపం వచ్చింది. దాంతోపాటు కొత్త ట్రేడ్ కానిది ఒకటి అడుగుతున్నాను, మా ఎలక్ట్రీషియన్ పిల్లలు చేత్తో ముట్టుకునేందుకు ఒక పీఎల్‌సీ ప్యానెల్. పాతదైనా పర్వాలేదు, ఏ కంపెనీ అయినా స్క్రాప్‌కి వేసేది ఇచ్చినా చాలు.

హెచ్చార్_హిందూపురం (ఆదివారం, రాత్రి 9:10)

ప్యానెల్ నేను చూస్తాను, మాట ఇవ్వను కానీ చూస్తాను. ఇంకోటి. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన ఉన్న సంస్థ తన మనుషుల్లో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. మాలో చాలామంది కింది గీత దగ్గరే ఆగుతాం. ఆపరేటర్ పనికి కాకుండా మెయింటెనెన్స్‌కే తీసుకోమని మీ ప్రిన్సిపాల్ చేత లెటర్ రాయించండి, మా వాళ్ళ ముందు పెట్టడానికి నాకొక కాగితం ఉంటుంది.

చిటపట (ఆదివారం, రాత్రి 9:25)

జీతం?

హెచ్చార్_హిందూపురం (ఆదివారం, రాత్రి 9:31)

జీతం నా చేతిలో లేదు బ్రదర్. మేడం గారు ప్రతి కంపెనీ ఏ పనికి ఎంత ఇస్తోందో రాసి నోటీసు బోర్డు మీద పెడితే మాత్రం మా మేనేజ్‌మెంట్‌కి టెన్షన్ మొదలవుతుంది. నేను చెప్పానని అనకండి.

జగిత్యాల_వాపస్ (ఆదివారం, రాత్రి 9:50)

మేడమ్, ట్రేడ్ శాంక్షన్ అయితే చెప్పండి, వారం రోజులు వచ్చి పిల్లలకు బ్రేజింగ్, అంటే రాగి పైపులు అతికే పని, చూపిస్త. పైసలు వద్దు, రైలు చార్జీ చాలు.

వర్క్‌షాప్_మేడం (ఆదివారం, రాత్రి 10:05)

అన్నా, తప్పకుండా పిలుస్తాం, భోజనం మా ఇంట్లోనే. హెచ్‌ఆర్ సార్, మీరు చెప్పిన లేబర్ కాంట్రాక్టర్లని ఒక్కసారి మా ఐటీఐకి తీసుకురాగలరా? బుధవారం మధ్యాహ్నం. ఎక్కువేం అడగను, పోయిన ఆరు నెలల్లో వాళ్ళ ఫోన్లకి ఏ పనికి ఎన్నిసార్లు మనుషుల్ని అడుగుతూ మెసేజ్ వచ్చిందో లెక్కపెట్టుకుంటాం.

హెచ్చార్_హిందూపురం (సోమవారం, ఉదయం 7:20)

అడిగాను. ముగ్గురు వస్తామన్నారు. ఒకాయన మాత్రం భోజనం ఏం పెడతారో కనుక్కోమన్నాడు.

వర్క్‌షాప్_మేడం (సోమవారం, ఉదయం 7:26)

రాగి సంకటి, చెనిక్కాయల ఊరిబిండి అని చెప్పండి సార్.